అతిమధురం ఎక్స్‌ట్రాక్ట్: మంగు మచ్చలకు ఏది, మంటకు ఏది?

అతిమధురం ముక్క ఒకటి నమిలి చూడండి. తీపి గొంతు దాకా దిగి చాలాసేపు వదలదు. ఆ తీపి గ్లైసిరైజిన్‌ది. పంచదార కంటే సుమారు 50 రెట్లు తియ్యన. చర్మం మీద మంటను, ఎర్రదనాన్ని తగ్గించడంలో అతిమధురానికి ఉన్న పేరు చాలావరకు దానివల్ల వచ్చిందే. మంగు మచ్చలకు పనికొచ్చేది మాత్రం అది కాదు. దాని పేరు గ్లాబ్రిడిన్. తీపికీ దానికీ సంబంధం లేదు. నీళ్ళలో కరగదు. ఎండువేరులో ఉండేదే 0.1 నుంచి 0.3 శాతం.

ఎంపికలో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే మొదలవుతాయి. మంగు కోసం సీరమ్ చేయాలనుకున్నవారు ‘లికోరైస్ ఎక్స్‌ట్రాక్ట్’ అన్న పేరు చూసి నీళ్ళలో కలిసే రకం కొంటారు. వేరును నీళ్ళలో మరిగించి వడకడితే తీపి కషాయంలోకి వస్తుంది, గ్లాబ్రిడిన్ పిప్పిలోనే ఉండిపోతుంది. నెల తర్వాత మచ్చ మచ్చలాగే ఉంటే తప్పు అతిమధురానిది కాదు, కొన్న రకానిది.

కొనేముందు తేల్చుకోవలసినవి

మొదటిది అవసరం. మచ్చ తగ్గాలా, మంట తగ్గాలా? రెండూ కావాలంటే రెండు రకాలు కలపాలి. ఒక్క సీసాతో రెండు పనులూ కావు.

రెండోది, మీరు చేసేది టోనరా, జెల్లా, క్రీమా, నూనె సీరమా. నీళ్ళలో కరిగే పదార్థాన్ని నూనెలో వేసినా, నూనె వైపు పదార్థాన్ని నీళ్ళ టోనర్‌లో వేసినా అడుగున పేరుకుంటుంది.

మూడోది మొక్క జాతి. గ్లాబ్రిడిన్ గ్లైసిరైజా గ్లాబ్రా జాతికి ప్రత్యేకం. ఎర్రదనానికి వాడే లైకోచాల్కోన్ ఎ అనే మరో పదార్థం గ్లైసిరైజా ఇన్‌ఫ్లాటాలో దొరుకుతుంది. చైనా అతిమధురంగా ఎక్కువగా అమ్మేది గ్లైసిరైజా యురాలెన్సిస్. పరీక్ష పత్రంలో జాతి యురాలెన్సిస్ అని రాసి, పక్కనే గ్లాబ్రిడిన్ 40 శాతం అని ఉంటే ఆ రెండింటిలో ఒకటి అబద్ధం.

నాలుగోది అంకె. ‘10:1 ఎక్స్‌ట్రాక్ట్’ అంటే పది కిలోల వేరు నుంచి కిలో పొడి తీశారని మాత్రమే అర్థం. అందులో ఏ పదార్థం ఎంత ఉందో ఆ నిష్పత్తి చెప్పదు, మధ్యలో మాల్టోడెక్స్‌ట్రిన్ (బరువు పెంచే పిండిపదార్థం) ఎంత కలిపారో అంతకన్నా చెప్పదు. గ్లాబ్రిడిన్ ఇంత శాతం, గ్లైసిరైజిక్ ఆమ్లం (గ్లైసిరైజిన్‌కే మరో పేరు) ఇంత శాతం అని విడిగా రాసి ఉండాలి. దాన్ని ఏ పద్ధతిలో కొలిచారో కూడా చూడాలి. హెచ్‌పీఎల్‌సీ అయితే ఆ ఒక్క పదార్థాన్నే వేరుచేసి కొలుస్తుంది. యూవీ పద్ధతి కాంతిని అదే చోట పీల్చుకునే వాటన్నింటినీ కలిపి లెక్కేస్తుంది కాబట్టి అంకె పెద్దదిగా వస్తుంది.

| రకం | దేనిలో కరుగుతుంది | ముఖ్యంగా దేనికి | మామూలు మోతాదు | ఇబ్బంది |
|---|---|---|---|---|
| వేరు పొడి | పూర్తిగా కరగదు | అప్పటికప్పుడు వేసే ఫేస్ ప్యాక్ | అవసరమైనంత | సూక్ష్మజీవులు, గరుకు |
| గ్లిజరిన్ లేదా గ్లైకాల్ ద్రవం | నీళ్ళు | తేలికపాటి ఉపశమనం | 1–5% | గోధుమ రంగు, అంకె తెలియదు |
| డైపొటాషియం గ్లైసిరైజేట్ | నీళ్ళు | ఎర్రదనం, మంట | 0.1–0.5% | పీహెచ్ 4 కింద గడ్డకడుతుంది |
| స్టియరైల్ గ్లైసిరెటినేట్ | వేడి నూనె | క్రీములో, నూనెలో ఉపశమనం | 0.1–0.5% | నీళ్ళ ఉత్పత్తులకు పనికిరాదు |
| గ్లాబ్రిడిన్ 40% | గ్లైకాల్, ఆల్కహాల్ | మంగు, మొటిమల నల్లమచ్చలు | 0.05–0.5% | ధర, రంగు మారడం |

వేరు పొడి

మూలికల అంగడిలో దొరికే చూర్ణం ఇదే. శనగపిండిలోనో ముల్తానీ మట్టిలోనో కలిపి, పెరుగుతోనో పన్నీటితోనో తడిపి, పావుగంట ఉంచి కడిగేసే ప్యాక్‌కి బాగుంటుంది. క్రీములో వేయడానికి మాత్రం కాదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. 40 శాతం గ్లాబ్రిడిన్ పొడిని 100 గ్రాముల క్రీములో 0.1 గ్రాము వేస్తే అసలు గ్లాబ్రిడిన్ 0.04 గ్రాము చేరుతుంది. అంతే గ్లాబ్రిడిన్ వేరు పొడి నుంచి రావాలంటే, వేరులో 0.1 శాతం ఉందనుకుంటే, 40 గ్రాముల పొడి కావాలి. అప్పుడది క్రీము కాదు, ముద్ద. పైగా మట్టిలో పెరిగిన వేరు కాబట్టి బ్యాక్టీరియా బీజాలు వెంట వస్తాయి. మామూలు మోతాదు ప్రిజర్వేటివ్ వాటిని ఆపలేదు. తడిపిన ప్యాక్ మిగిలితే ఫ్రిజ్‌లో దాచకుండా పారేయాలి.

కల్తీ సంగతి ఒకటి తెలిసి ఉండాలి. గురివింద తీగ వేరు కూడా తియ్యగానే ఉంటుంది, అతిమధురం పేరుతో అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. గురివింద గింజలు విషమన్నది మనకు తెలిసిందే. మన దేశానికి కావలసిన అతిమధురంలో ఎక్కువ భాగం ఆఫ్ఘనిస్థాన్, ఇరాన్, మధ్య ఆసియా వైపు నుంచి వస్తుంది. కాబట్టి ‘మా ఊరి పొలంలోది’ అంటూ చవగ్గా అమ్మితే ఒకసారి ఆలోచించండి. పొడి కంటే పుల్లలు కొనడం మేలు. విరిస్తే లోపల పసుపు రంగు, నారనారగా కనిపించాలి.

నువ్వులనూనెలో వేరు ముక్కలు నానబెట్టి చేసే తైలం కూడా దాదాపు ఇదే కోవలోకి వస్తుంది. తీపి భాగం నూనెలోకి రాదు. గ్లాబ్రిడిన్ కొద్దిగా వచ్చినా ఎంత వచ్చిందో చెప్పలేం. మర్దనకు నిశ్చింతగా వాడుకోండి, మంగు పోతుందని ఆశ పెట్టుకోవద్దు.

గ్లిజరిన్, గ్లైకాల్ ద్రవాలు

చిన్న ప్యాకింగుల్లో ఎక్కువగా అమ్ముడుపోయేవి ఇవే. వాడటం సులువు. చల్లారాక వేసి కలిపితే చాలు. అయితే సీసాలో నూటికి తొంభై వంతులకు పైగా ద్రావకమే ఉండవచ్చు. గ్లిజరిన్‌లో తీసినదైతే తీపి భాగమే ఎక్కువ ఉంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్‌లో తీసినదైతే గ్లాబ్రిడిన్ కొంత రావచ్చు. అంకె రాసి లేకపోతే లేదనే అనుకోవాలి. 3 శాతం వేస్తే తెల్లటి జెల్ లేత టీ రంగుకు వస్తుంది. అది చూసి కంగారు పడనక్కర్లేదు. లేబుల్ మీద అతిమధురం పేరు కనిపించాలన్నది ఒక్కటే అవసరమైతే దీనితో సరిపెట్టుకోవచ్చు. ఫలితం కనిపించాలంటే కింది మూడు రకాల్లో ఒకటి కావాలి.

డైపొటాషియం గ్లైసిరైజేట్

గ్లైసిరైజిన్ నుంచి చేసే పొటాషియం లవణం ఇది. డీపీజీ అని పిలుస్తారు. తెల్లటి లేదా లేత పసుపు పొడి. నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోయేంత తీపి. జపాన్‌లో మంట తగ్గించే పదార్థంగా దశాబ్దాలుగా వాడుకలో ఉంది. షేవింగ్ తర్వాతి మంట, ఎండకు కందిన ముఖం, రెటినాల్ మొదలుపెట్టిన కొత్తలో వచ్చే ఎర్రదనం ఉన్నవారికి మొదట చెప్పవలసినది ఇదే. టోనర్‌కి, జెల్‌కి 0.2 శాతంతో మొదలుపెట్టండి. 0.5 దాటించి పెద్దగా ప్రయోజనం లేదు.

చల్లటి నీళ్ళలోనే కరుగుతుంది, రంగు తేదు, వాసన ఉండదు. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే సులువైనది లేదు. అయినా మూడుచోట్ల దెబ్బతింటుంది.

పీహెచ్ 4 కిందికి దిగితే ఇది తిరిగి గ్లైసిరైజిక్ ఆమ్లంగా మారి, నీళ్ళు మసకబారి జిగురుగా గడ్డకడతాయి. పీహెచ్ 3.2 దగ్గర ఉండే విటమిన్ సి సీరమ్‌లో డీపీజీ వేసినవారికి మర్నాడు కనిపించే తెల్లటి తెట్టు అదే. ఆ సీరమ్ వేరుగా, డీపీజీ వేరుగా చేసుకోవాలి. రెండో ఇబ్బంది కండిషనర్లతో. డీపీజీకి ఉన్నది ఋణావేశం, కండిషనర్లలో వాడే సెట్రిమోనియం క్లోరైడ్, బీటీఎంఎస్ లాంటివాటికి ధనావేశం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని అవక్షేపమవుతాయి. మూడోది కార్బొమర్ జెల్. డీపీజీ లవణం కాబట్టి జెల్ పలచబడుతుంది. గట్టి జెల్ కావాలనుకుంటే జాంథన్ గమ్ గానీ హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్ గానీ వాడండి.

దీనితో మచ్చలు పోతాయని కొందరు అమ్మకందారులు రాస్తున్నారు. మంట తగ్గితే ఆ మంటవల్ల కొత్తగా పడే నల్లమచ్చలు తగ్గవచ్చు, నిజమే. పాత మంగును తగ్గించే పదార్థం మాత్రం ఇది కాదు.

నూనె వైపు: గ్లైసిరెటినిక్ ఆమ్లం, స్టియరైల్ గ్లైసిరెటినేట్

గ్లైసిరైజిన్‌లోని చక్కెర భాగం తీసేస్తే మిగిలేది గ్లైసిరెటినిక్ ఆమ్లం. మంట తగ్గించడంలో బలమైనదే, చిన్న పాత్రలో పనిచేసేవారికి మాత్రం తలనొప్పి. ద్రవీభవన స్థానం 290 డిగ్రీల పైమాటే. క్రీము చేసే 75 డిగ్రీల నూనెలో అది కరగదు. కరిగినట్టు కనిపించినా చల్లారాక స్ఫటికాలు కట్టి, క్రీము ముఖానికి రాస్తుంటే సన్నటి ఇసుకలా తగులుతుంది. దాని బదులు స్టియరైల్ గ్లైసిరెటినేట్ తీసుకోండి. నూనె భాగంలో 75 డిగ్రీల దగ్గర శుభ్రంగా కరుగుతుంది. నీళ్ళు లేని బామ్‌కి, నూనె సీరమ్‌కి, పొడిచర్మం క్రీముకి ఇదే సరైన ఎంపిక. 0.2 శాతం చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గ్లైసిరెటినిక్ ఆమ్లం చర్మంలో కార్టిసాల్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది, అందువల్ల హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందు ప్రభావం పెరుగుతుంది. మన దగ్గర స్టెరాయిడ్ కలిసిన క్రీములను తెల్లబడతామని నెలల తరబడి రాసుకునేవారు ఎందరో ఉన్నారు. అలాంటి క్రీము వాడుతున్నవారికి ఈ రకం ఇవ్వకండి. ముందు చర్మవైద్యుల దగ్గరికి పంపండి.

గ్లాబ్రిడిన్

మచ్చల కోసం వచ్చినవారు ఆగవలసిన చోటు ఇది. మెలనిన్ తయారీలో కీలకమైన టైరోసినేజ్ ఎంజైమును గ్లాబ్రిడిన్ అడ్డుకుంటుంది. 1998లో వెలువడిన జపాన్ పరిశోధనలో 0.5 శాతం గ్లాబ్రిడిన్ రాసిన గినీ పిగ్‌ల చర్మంపై యూవీ-బి కిరణాల వల్ల వచ్చే నలుపు, ఎర్రదనం రెండూ తగ్గాయి. మోతాదు గమనించండి. అది శుద్ధ గ్లాబ్రిడిన్ 0.5 శాతం. 40 శాతం రకంతో అంత కావాలంటే 1.25 శాతం వేయాలి. మార్కెట్లోని క్రీముల్లో చాలావాటికి అందులో పదోవంతు కూడా ఉండదు. కాబట్టి గ్లాబ్రిడిన్ ఒక్కదాని మీదే భారం వేయకుండా నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం) 4 శాతం తోడు పెట్టడం, పగటిపూట సన్‌స్క్రీన్ తప్పకపోవడం ముఖ్యం. సన్‌స్క్రీన్ లేకుండా మంగుకు చేసే ఏ వైద్యమైనా ఒకవైపు తోడుతూ మరోవైపు పోసినట్టే.

మార్కెట్లో 4, 40, 90 శాతం రకాలు దొరుకుతాయి. 90 తెల్లగా ఉంటుంది, రంగు తేదు, ధర మాత్రం చాలా ఎక్కువ. 40 పసుపు-గోధుమ రంగు పొడి. చిన్న తయారీదారులకు ఇదే తగినది. ధర పోల్చేటప్పుడు గ్రాము రేటును శాతంతో భాగించండి. 4 శాతం రకం చవకగా కనిపిస్తుంది గానీ అదే గ్లాబ్రిడిన్ కోసం పదింతలు వేయాలి. ఆ పదింతలతో పాటు రంగూ వస్తుంది.

నీళ్ళ సీరమ్‌లో గ్లాబ్రిడిన్ వేయాలని చాలామంది పట్టుబడతారు. గ్లైకాల్‌లో చక్కగా కరిగిన ద్రావణాన్ని నీళ్ళలో పోయగానే పాలలా మసకబారుతుంది. రెండ్రోజుల్లో అడుగున పొడి చేరుతుంది. నీళ్ళలో కరగనివాటిని కలిపి ఉంచే పీఈజీ-40 హైడ్రోజనేటెడ్ కాస్టర్ ఆయిల్ లాంటిది గ్లాబ్రిడిన్ పొడికి పదింతలు కలిపితే కొంత నిలబెట్టవచ్చు, అయినా నమ్మకం తక్కువ. క్రీముగా గానీ లోషన్‌గా గానీ చేయడం మేలు.

రంగు మారడం దీనితో వచ్చే రెండో బెడద. పీహెచ్ 7 దాటినా, ఎండ తగిలినా, ఇనుము సోకినా లేత పసుపు క్రీము గోధుమ రంగుకు తిరుగుతుంది. బోరునీళ్ళలోని ఇనుము చాలు. డిస్టిల్డ్ నీళ్ళు, ఇనుమును పట్టి ఉంచే డైసోడియం ఈడీటీఏ 0.1 శాతం, కాంతి చొరని పంపు సీసా తప్పనిసరి. పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉంచండి.

ఇదే కోవలో లైకోచాల్కోన్ ఎ కూడా ఉంది. ఎర్రదనం, రోసేసియా (ముఖం తరచూ ఎర్రబడే చర్మసమస్య) ధోరణి ఉన్న చర్మానికి పెద్ద కంపెనీలు వాడతాయి. ఇంట్లో చేసుకునేవారికి డీపీజీ ఉండగా దాని వెంట పడనక్కర్లేదు. అతిమధురంలోనే ఉండే లిక్విరిటిన్ అనే మరో పదార్థం గురించి కూడా అడుగుతుంటారు. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో 20 మంది మహిళలకు మంగు మీద 20 శాతం లిక్విరిటిన్ క్రీము రోజూ రాసి మంచి ఫలితం చూశారు. ఆ 20 శాతానికీ మీరు వేసే 2 శాతం గ్లిజరిన్ ద్రవానికీ పోలికే లేదు. ఆ అధ్యయనం చూపించి ద్రవం అమ్మితే నమ్మకండి.

ఎవరికి ఏది

మంగు, మొటిమలు మానాక మిగిలే నల్లమచ్చలు: గ్లాబ్రిడిన్ 40, క్రీములో 0.1 శాతంతో మొదలు. మొటిమలు ఇంకా వస్తున్న జిడ్డుచర్మం: డీపీజీ 0.3 శాతం, తేలికపాటి జెల్. పొడిచర్మం: స్టియరైల్ గ్లైసిరెటినేట్. పారదర్శకమైన సీసాలో నీళ్ళలా కనిపించే టోనరే కావాలంటే డీపీజీ తప్ప మరో దారి లేదు. ఖర్చు పెట్టడం ఇష్టంలేనివారు వేరు పొడి ప్యాక్ వారానికి రెండుసార్లు వేసుకుని, మిగిలిన డబ్బు సన్‌స్క్రీన్ మీద పెట్టడం మంచి నిర్ణయం.

మచ్చ, మంట రెండూ ఉన్నవారికి 100 గ్రాముల క్రీము కొలతలు ఇవి:

- నీటి భాగం: డిస్టిల్డ్ నీళ్ళు 72 గ్రా., గ్లిజరిన్ 4, నియాసినమైడ్ 4, జాంథన్ గమ్ 0.3, డీపీజీ 0.2, డైసోడియం ఈడీటీఏ 0.1
- నూనె భాగం: గ్లిజరైల్ స్టియరేట్–పీఈజీ-100 స్టియరేట్ 5, సిటైల్ ఆల్కహాల్ 2, క్యాప్రిలిక్/క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్ 8, విటమిన్ ఇ (టోకోఫెరాల్) 0.3
- చల్లారాక: ప్రొపిలీన్ గ్లైకాల్ 3లో కరిగించిన గ్లాబ్రిడిన్ 40% పొడి 0.1, ఫినాక్సీఇథనాల్–ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ 1

జాంథన్‌ను ముందు గ్లిజరిన్‌లో తడపండి, లేకపోతే ఉండలు కడుతుంది. రెండు భాగాలూ 75 డిగ్రీలకు తెచ్చి, నూనెను నీళ్ళలో పోస్తూ మూడు నిమిషాలు బ్లెండర్ తిప్పాలి. తర్వాత గరిటెతో నెమ్మదిగా కలుపుతూ 40 డిగ్రీల కిందికి దించి గ్లాబ్రిడిన్, ప్రిజర్వేటివ్ వేయండి. చివర పీహెచ్ 5.5కు సరిచేయండి.

0.1 గ్రాము తూకం వంటింటి త్రాసు పట్టుకోలేదు. అందుకే ముందే ద్రావణం చేసి పెట్టుకోవాలి. 1 గ్రాము గ్లాబ్రిడిన్ 40ని 29 గ్రాముల ప్రొపిలీన్ గ్లైకాల్‌లో, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి 45 డిగ్రీల దగ్గర కలిపితే తేట ద్రావణం వస్తుంది. అందులో 3.1 గ్రాములు తీస్తే పై కొలతలోని పొడి, గ్లైకాల్ రెండూ వచ్చేసినట్టే. గోధుమరంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి. అడుగున పొడి పేరుకుంటే మళ్ళీ వెచ్చచేసి కలిపాకే తూయాలి. పై తేట మాత్రమే తీస్తే మోతాదు తగ్గిపోతుంది.

రాసుకునేముందు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత చోట రెండు రోజులు రాసి చూడాలి. అతిమధురం పదార్థాలకు అలర్జీ అరుదు, అసలు లేదనడానికి లేదు. అమ్మాలనుకునేవారికి మరో మెట్టుంది. కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల దగ్గర లైసెన్సు తీసుకోవాలి. ఇంటి వంటగదిలో చేసి ఆన్‌లైన్‌లో అమ్మడం కుదరదు.

ఇక వేడి సంగతి. మే నెలలో బెజవాడలోనో రామగుండంలోనో గది మూలన పెట్టిన పార్శిల్ కూడా 40 డిగ్రీలు దాటుతుంది. గ్లాబ్రిడిన్ పొడిని ఆ నెలల్లో తెప్పించుకోకుండా చలికాలంలోనే కొని దాచుకోండి. తయారైన క్రీమును మూడు చిన్న గాజు సీసాల్లో పోయండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి చీకటి అలమరలో, మూడోది ఎండ పడే కిటికీ దగ్గర. నాలుగు వారాల పాటు వారానికోసారి మూడింటినీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి రంగు చూడండి. కిటికీ దగ్గరిది ఒక్కటే ముదిరితే మీ తయారీ బాగానే ఉంది, సీసా మార్చుకుంటే చాలు. అలమరలోది కూడా ముదిరితే పీహెచ్ మళ్ళీ కొలవండి, వాడిన నీళ్ళేవో చూసుకోండి.